ఉడికితే బలం... మాడితే నష్టం!

గోదావరి జిల్లాల్లో కోడి అంటే ఒక్క తీరున ఉండదు. సంక్రాంతి బరి కోసం ఏడాదంతా ముద్దు చేసి పెంచే పుంజు ఒకటి. తణుకు చుట్టుపక్కల పొడవాటి షెడ్లలో రోజుకో గుడ్డు పెట్టే లేయర్ ఒకటి. ఆదివారం పూట పొయ్యి మీదికెక్కే బ్రాయిలర్ ఇంకొకటి. ఇక పెరట్లో పెంటకుప్ప కెలుక్కుంటూ తిరిగే నాటుకోడి సరేసరి! వీటి రూపం వేరు, ధర వేరు, గౌరవం వేరు. కానీ ఒక్క విషయంలో మాత్రం అన్నీ ఒకటే. వాటి ముందు పోసిన మేతలో ఏమున్నదనే దానితోపాటు, ఆ మేత అంతకుముందు ఎంత వేడి చూసిందనేది కూడా వాటి బలాన్ని తేలుస్తుంది.

వంట చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కందిపప్పు ఉడక్కపోతే కడుపునొప్పి, అడుగంటితే చేదు. కోళ్ల మేతలోనూ అంతే. తేడా ఏమిటంటే, మన పప్పు మాడితే వాసనతోనే తెలిసిపోతుంది. మేత మాడితే ఆ సంగతి నెల తర్వాత, ఎదగని కోడిపిల్లలోనో తగ్గిన గుడ్ల సంఖ్యలోనో తెలుస్తుంది. అప్పటికి బస్తాలూ అయిపోతాయి, డబ్బూ అయిపోతుంది.

ఆ డబ్బు చిన్నదేమీ కాదు. గుడ్డు ఉత్పత్తికి అయ్యే ఖర్చులో మూడింట రెండొంతులకు పైగా మేతదే. ఒక లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. లక్ష కోళ్లున్న ఫారమ్‌కు రోజుకు 11 టన్నులు కావాలి. మేతలో సత్తువ తగ్గి, ఆ లోటు పూడ్చుకోవడానికి ఒక్కో కోడి అయిదు గ్రాములు అదనంగా తిన్నదనుకుందాం. చిటికెడు! కానీ లక్ష కోళ్లకు లెక్కేస్తే అది రోజుకు అయిదు క్వింటాళ్లు. కిలో ముప్ఫై రూపాయలు అనుకున్నా రోజుకు 15 వేలు. ఏ బాయిలర్ దగ్గరో ఆవిరి కాస్త ఎక్కువైనందుకో, తక్కువైనందుకో రైతు కట్టే జరిమానా అది.

పుంజుకు ఉడికిన గుడ్డే ఎందుకు?

భీమవరం పరిసరాల్లో పుంజుల్ని పెంచేవాళ్ల మేపు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గంటెలు, చోళ్లు, జొన్నలతోపాటు నానబెట్టిన బాదం, మటన్ ఖీమా, ఉడికించిన కోడిగుడ్డు... పందేలను చట్టం ఒప్పుకోదు, జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. పందెం సంగతి పక్కనబెట్టి మేపును మాత్రం చూస్తే, అందులో మంచి శాస్త్రమే ఉంది. గుడ్డు పచ్చిగా కొట్టి పోయరు. ఉడకబెట్టే పెడతారు.

పచ్చి గుడ్డులోని తెల్లసొనలో ఎవిడిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది బయోటిన్ అనే విటమిన్‌ను గట్టిగా పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. బయోటిన్ తగ్గితే కోడికి చర్మం పగులుతుంది, ఈకలు సరిగా రావు. తెల్లసొనలోనే ఓవోమ్యూకాయిడ్ అనే మరో పదార్థం ఉంది. అది జీర్ణరసాల పనికి అడ్డుపడుతుంది. ఉడికిస్తే ఎవిడిన్ పట్టు వదులుతుంది, అరుగుదలా పెరుగుతుంది. ఇది కోడికే కాదు, మనిషికీ వర్తిస్తుంది. బెల్జియం పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు మనుషుల్లో 91 శాతం దాకా అరిగితే, పచ్చిగుడ్డులోవి 51 శాతమే అరిగాయి. బలం వస్తుందని పొద్దున్నే పచ్చిగుడ్డు గుటుక్కున మింగేవాళ్లు, అందులో దాదాపు సగం వృథా చేసుకుంటున్నట్టే!

పశువులకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడమూ ఇలాంటిదే. ఉడికిన ఉలవలు ఎద్దుకి, ఆ నీళ్లు కాచిన ఉలవచారు మనకి. గింజల్లో ప్రకృతి పెట్టిన తాళాన్ని వేడితో తీయడం మనవాళ్లకు పేర్లు తెలియకముందే తెలుసు.

సోయా పెట్టే పేచీ

ఆ తాళం అందరికంటే గట్టిగా వేసుకున్న గింజ సోయా. నేడు కోళ్ల మేతలో మాంసకృత్తులకు ప్రధాన ఆధారం సోయా చెక్కే. మొక్కజొన్న కడుపు నింపుతుంది, శక్తినిస్తుంది. కానీ అందులో మాంసకృత్తులు 8, 9 శాతమే. సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం. పైగా మొక్కజొన్నలో బాగా తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో పుష్కలం. ఈ రెండింటి జోడీ అన్నం-పప్పు జోడీ లాంటిది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

మరి పచ్చి సోయా పెడితే? 1917లో అమెరికాలో ఆస్‌బార్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు సోయా పెట్టి చూశారు. పచ్చి సోయా తిన్నవి ఎదగలేదు. ఉడికించిన సోయా తిన్నవి చక్కగా పెరిగాయి. గింజ ఒకటే, మాంసకృత్తులూ అవే. తేడా పొయ్యిలో ఉంది! కారణం తర్వాతి దశాబ్దాల్లో తేలింది. పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి. ట్రిప్సిన్ అంటే మాంసకృత్తుల్ని ముక్కలుచేసే జీర్ణరసం. దాన్ని కట్టిపడేస్తే తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. క్లోమం ఊరుకోదు, ఇంకా ఇంకా రసం తయారుచేస్తుంది. ఆ శ్రమకి కోడిపిల్లలో క్లోమం ఉబ్బిపోతుంది. పైగా ఆ రసం తయారీకి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఖర్చవుతాయి. సోయాలో అసలే తక్కువగా ఉండేవి అవే. అంటే పచ్చి సోయా పెట్టడం జీతమివ్వకుండా పని చేయించుకోవడమే కాదు, ఎదురు డబ్బు గుంజుకోవడం! ట్రిప్సిన్ అడ్డంకితోపాటు లెక్టిన్లు అనే పదార్థాలూ పేగు గోడల్ని ఇబ్బంది పెడతాయి.

అందుకే నూనె మిల్లుల్లో సోయా నుంచి ద్రావకంతో నూనె తీశాక, మిగిలిన చెక్కను ఆవిరితో వేడిచేస్తారు. ఈ పనికి టోస్టర్ అనే పెద్ద యంత్రం ఉంటుంది. నూరు డిగ్రీల సెల్సియస్ దాటిన ఆవిరి, ఇరవై ముప్ఫై నిమిషాలపాటు. ఒకే దెబ్బకు రెండు పనులు. ద్రావకం ఆవిరైపోతుంది, తాళమూ ఊడిపోతుంది. ఇక్కడ గమనించాల్సింది తడి. పొడివేడికంటే తడివేడి త్వరగా పనిచేస్తుంది. పెనం మీద వేయించిన శనగ పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. కుక్కర్లో ఉడికిన శనగ లోపలిదాకా మెత్తబడుతుంది. సోయా విషయంలోనూ అదే సూత్రం.

2021లో సోయా చెక్క ధర ఆకాశానికంటింది. కోళ్ల రైతులు గగ్గోలు పెట్టడంతో, ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ఇలాంటి గడ్డుకాలంలోనే చవకగా దొరికే అరకొరగా ఉడికిన సరుకు, పచ్చి గింజల పిండి ఆశ పెడతాయి. క్వింటాకు కలిసొచ్చిన నాలుగు డబ్బులు, కోడి క్లోమం దగ్గర పదింతలై పోతాయి.

కాగితం మీద 46... కడుపులో ఎంత?

ఉడికితే మంచిదన్నారు కదాని ఇంకాస్త మంట పెంచితే? అక్కడ మొదలవుతుంది రెండో కథ.

దోసె అంచు ఎర్రగా కాలితే కమ్మని వాసన. పాలు మరిగి మరిగి కోవా అయ్యేటప్పుడు వచ్చే గోధుమ రంగు. బేకరీలో రొట్టె పైపెచ్చు. ఇవన్నీ ఒకే రసాయన చర్య ఫలితాలు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు పెనవేసుకుపోతాయి. అలా పెనవేసుకోవడంలో అందరికంటే ముందుండేది లైసిన్. దానికి పక్కకు చాపిన చెయ్యిలాంటి ఒక కొస ఉంటుంది. చక్కెర వచ్చి ఆ చేతినే పట్టుకుంటుంది. ఒకసారి గట్టిగా పట్టుకున్నాక కోడి జీర్ణరసాలు విడదీయలేవు. మన నాలుకకు కమ్మదనం, కోడికి లైసిన్ కరవు! లైసిన్‌తోపాటు ఆర్జినైన్, సిస్టిన్ కూడా అతివేడికి దెబ్బతింటాయి.

ఇందులో అసలు చిక్కు ఒకటుంది. మేత దినుసుల్లో మాంసకృత్తుల శాతాన్ని తేల్చే పద్ధతిని 1883లో డెన్మార్క్ రసాయనవేత్త యొహాన్ కెల్డాల్ కనిపెట్టాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో. ఆ పద్ధతి నత్రజనిని కొలుస్తుంది. దాన్నిబట్టి మాంసకృత్తులు లెక్కగడతారు. ఇప్పటికీ ఆ సూత్రమే వాడుకలో ఉంది. అయితే నత్రజని కోడికి అందే రూపంలో ఉందా, మాడిన చక్కెరతో బిగుసుకుపోయి ఉందా అన్నది దానికి అక్కర్లేదు. అందుకే చక్కగా ఉడికిన సోయా చెక్కకూ, మాడిన సోయా చెక్కకూ కాగితం మీద అదే 46 శాతం వస్తుంది. మాంసకృత్తుల శాతాన్ని చూసే బేరమాడే రైతు, రెండింటికీ ఒకే ధర కడతాడు. కోడి మాత్రం ఒకే ధర కట్టదు.

పట్టి చూసేదెలా?

అదృష్టవశాత్తూ సోయా తన గుట్టు తనే చెప్పేస్తుంది. దానిలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది. యూరియాను విడగొట్టి అమ్మోనియా చేయడం దాని పని. కోడికి దానితో లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. కానీ ట్రిప్సిన్ అడ్డంకులు ఎంత వేడికి పోతాయో, యూరియేజ్ కూడా ఇంచుమించు అంత వేడికే పోతుంది. అంటే అది ఇంట్లో లేకపోతే రెండోదీ లేనట్టే. ప్రయోగశాలలో దీన్ని పీహెచ్ మార్పుతో కొలుస్తారు. ఆ మార్పు 0.05 నుంచి 0.2 మధ్య ఉంటే సరిగ్గా ఉడికినట్టు. అంతకు బాగా ఎక్కువైతే పచ్చి.

ఫారమ్ దగ్గరే చేసుకోగల చిట్కా పరీక్ష కూడా ఉంది. యూరియా, ఫినాల్ రెడ్ అనే రంగు కలిపిన ద్రావణాన్ని ఒక పళ్లెంలో పరిచిన సోయా చెక్కమీద చల్లి అయిదు నిమిషాలు ఆగుతారు. అక్కడక్కడా ఎర్ర చుక్కలు మెరిస్తే బాగా ఉడికిన సరుకు. పళ్లెమంతా ఎర్రబారితే పచ్చిది. ఒక్క చుక్కా రాకపోతే? ఆనందపడకూడదు, అనుమానపడాలి. అది మాడినదైనా కావచ్చు.

ఎందుకంటే యూరియేజ్ పరీక్ష పచ్చిదనాన్ని పట్టిస్తుందిగానీ మాడును పట్టించలేదు. ఉన్న ఎంజైమ్ అంతా పోయాక ఇంకెంత మాడ్చినా ఫలితం సున్నాయే. అందుకే రెండో పరీక్ష. పొటాషియం హైడ్రాక్సైడ్ పలచటి ద్రావణంలో మాంసకృత్తులు ఎంత కరుగుతాయో చూస్తారు. 70 నుంచి 85 శాతం కరిగితే మంచిది. 85 దాటితే పచ్చి, 70కి తగ్గితే మాడు. ఈ రెండు పరీక్షల ఫలితాలు బిల్లుతోపాటు అడిగి తీసుకునే అలవాటు చేసుకుంటే సగం గొడవలు ఉండవు. కళ్లకూ పని చెప్పాలి. లేత బంగారు రంగు, పేలాల్లాంటి వాసన ఉండాలి. ముదురు గోధుమ రంగు, చేదు వాసన వస్తే బస్తా వెనక్కే.

ఈమధ్య ఇథనాల్ ఫ్యాక్టరీలు పెరగడంతో, నూకలూ మొక్కజొన్నా పులియబెట్టాక మిగిలే పిప్పిని ఎండబెట్టి మేతగా అమ్ముతున్నారు. చవకే, మాంసకృత్తులూ ఎక్కువే. కానీ డ్రయ్యర్‌లో వేడి ఎక్కువైతే అందులోనూ లైసిన్ బిగుసుకుపోతుంది. ఇక్కడా రంగే మొదటి సాక్షి. ఎంత నల్లబడితే అంత అనుమానం.

తవుడుకు గంటల లెక్క

సోయా ఎక్కడో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర నుంచి రావాలి. డెల్టా సొంత సరుకు మాత్రం తవుడే. భీమవరం చుట్టూ రైసు మిల్లులకు కొదవలేదు. ధాన్యం ఆడినప్పుడు వచ్చే తవుడులో మంచి నూనె ఉంటుంది. దానితోపాటు లైపేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ రెండూ ఎవరి గదిలో వాళ్లున్నట్టు వేరువేరు పొరల్లో ఉంటాయి. మిల్లు ఆడిన క్షణంలో గోడ కూలుతుంది. ఎంజైమ్ నూనెను పట్టుకుని విడగొట్టడం మొదలుపెడుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లాలు పెరుగుతాయి, రోజులు గడిచేకొద్దీ తవుడు కంపుకొడుతుంది. కోళ్లు ముట్టవు, ముట్టినా మేతలోని విటమిన్లను ఆ చెడిన నూనె తినేస్తుంది.

దీనికి మందు వేడే. ఆడిన వెంటనే తవుడును ఆవిరితో వేడిచేస్తే లైపేజ్ చచ్చిపోతుంది, తవుడు నిలవుంటుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఈ పని అడగకుండానే జరిగిపోతుంది. ధాన్యాన్ని ముందే నానబెట్టి ఆవిరి పట్టి ఆరబెడతారు కాబట్టి ఎంజైమ్ అక్కడే చస్తుంది. అందుకే ఉప్పుడు తవుడు పచ్చి తవుడుకంటే ఎక్కువకాలం నిలుస్తుంది, నూనె శాతమూ ఎక్కువ.

నూనె తీసేసిన తవుడును ఇక్కడి రైతులు డీఓబీ అంటారు. కోళ్ల మేతలోకి కొంత పోతే, చేపల చెరువుల్లోకి బోలెడు పోతుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టి, బొచ్చె, శీలావతి చేపలకు అందించడం డెల్టాలో రోజూ కనిపించే దృశ్యమే. కోడీ చేపా పాడిపశువూ ఒకే బస్తా కోసం పోటీపడతాయి కాబట్టి ధర ఊగిసలాడుతుంది. మేత ధరలు పెరిగాయని 2023 జులైలో కేంద్రం డీఓబీ ఎగుమతిని ఆపేసింది కూడా.

తవుడు గొప్పతనం లోకానికి తెలిసింది కోళ్లవల్లనే! 1890లలో జావాలో డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ ప్రయోగశాలలోని కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి. ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లటి పాలిష్ అన్నం వాటికి పెడుతున్న రోజులవి. కొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నం కోళ్లకు పెట్టనన్నాడు. ముడిబియ్యం పెట్టగానే కోళ్లు లేచి తిరిగాయి. బెరిబెరి గుట్టు అలా విడిపోయింది. ఆ పనికే ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. తవుడులో ఉన్నది బి1 విటమిన్ అని తర్వాత తేలింది. అదే బి1 వేడికి బెదిరే విటమిన్ కూడా. కొద్దిపాటి ఆవిరి తవుడును కాపాడుతుంది, అతివేడి ఆ తవుడులోని ప్రాణాన్నే తీస్తుంది.

చేప పొడి, పత్తి చెక్క

నర్సాపురం, కాకినాడ తీరాల్లో ఎండబెట్టిన చిన్న చేపల పొడి కూడా మేతలోకి వెళుతుంది. ఎండలో ఎండితే ఇసుక, ఉప్పు, సూక్ష్మజీవుల భయం. యంత్రంలో ఎండబెడితే ఆ భయం తగ్గుతుంది, కానీ వేడి మితిమీరితే మరో ముప్పు. పాడైన చేపలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అతివేడికి అది లైసిన్‌తో కలిసి గిజెరోసిన్ అనే విషంగా మారుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1983లో దీన్ని గుర్తించారు. ఆ మేత తిన్న కోడిపిల్లలకు కందనకాయ లోపలి పొర పుండై, నోట్లోంచి నల్లటి ద్రవం కారుతుంది. చేప తాజాగా లేకపోవడం ఒక తప్పు, మంట ఎక్కువ పెట్టడం రెండో తప్పు. రెండూ కలిస్తే విషం.

పత్తి చెక్కలో బేరం ఇంకో రకం. పత్తి గింజలో గాసిపోల్ అనే విషముంది. వేడిచేస్తే అది మాంసకృత్తులకు అతుక్కుని విషం తగ్గుతుంది. అయితే అతుక్కునేది మళ్లీ లైసిన్‌కే! విషం పోయిందని సంతోషిద్దామా, లైసిన్ పోయిందని విచారిద్దామా అన్నట్టుంటుంది. అందుకే కోళ్లకు దీన్ని కొద్దిగానే కలుపుతారు.

గుళిక మేత... యల్లాప్రగడ విటమిన్

లేయర్లకు ఎక్కువగా పొడి మేతే వేస్తారు. బ్రాయిలర్లకు మాత్రం గుళికల మేత. 40 గ్రాముల పిల్ల అయిదారు వారాల్లో రెండు కిలోలు తూగాలంటే ఏరుకు తినే తీరిక ఉండకూడదు మరి! దినుసులన్నీ కలిపి 80 డిగ్రీల పైచిలుకు ఆవిరి పట్టి, అచ్చుల్లోంచి ఒత్తి గుళికలు చేస్తారు. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవుల బెడద తగ్గుతుంది, పిండి వృథా కాదు, కోడి నచ్చిన గింజ ఏరుకుని మిగతాది వదిలేయడం కుదరదు.

భీమవరం రొయ్యల రైతులకు ఈ గుళిక మహిమ బాగా తెలుసు. 2009లో వనామీ సాగుకు దేశంలో అనుమతి వచ్చాక ఇక్కడ మేత వ్యాపారమే మారిపోయింది. రొయ్య నెమ్మదిగా కొరుక్కు తింటుంది. అది తినేదాకా గుళిక నీళ్లలో విడిపోకూడదు. అన్నం గంజి కట్టినట్టు, ఆవిరికి పిండిపదార్థం జిగురుగా మారి గుళికను పట్టి ఉంచుతుంది. నీళ్లమీద తేలే చేపల మేతకైతే ఇంకా ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి. కాకపోతే కొన్ని క్షణాలే.

ఆ వేడికి విటమిన్లు కొన్ని ఓర్చుకోలేవు. బి1, ఫోలిక్ ఆమ్లం, సి విటమిన్ మరీ సున్నితం. ఫోలిక్ ఆమ్లం పేరు వినగానే భీమవరం వాళ్లు ఛాతీ విరుచుకోవచ్చు. 1895 జనవరి 12న ఈ ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోనే, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు మందుగా, గర్భిణుల మాత్రగా అందరికీ తెలిసిన ఆ విటమిన్ కథలో కోడిపిల్లలకూ భాగముంది. అది లోపిస్తే కోడిపిల్లలకు రక్తం తగ్గి, ఈకలు సరిగా రావని 1940ల పరిశోధనల్లో తేలింది. నేడు ఫీడ్ మిల్లుల్లో మేతలో కలిపే విటమిన్ మిశ్రమంలో అది తప్పనిసరి. వేడికి కొంత పోతుందని తెలుసు కాబట్టి అవసరానికి మించి కలుపుతారు, లేదా పైపూత వేసిన విటమిన్లు వాడతారు.

1991 నుంచి మార్కెట్లో ఉన్న ఫైటేజ్ ఎంజైమ్‌దీ ఇదే ఇబ్బంది. తవుడులో, గింజల్లో భాస్వరం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. కోడి దాన్ని సరిగా వాడుకోలేదు. ఈ ఎంజైమ్ కలిపితే ఆ భాస్వరం విడుదలవుతుంది, పైనుంచి కొని కలిపే ఖర్చు తగ్గుతుంది. కానీ ఎంజైమ్ కూడా మాంసకృత్తే. మామూలు రకాలు గుళిక యంత్రం వేడికి చాలామటుకు చచ్చిపోతాయి. అందుకే వేడిని తట్టుకునే రకాలు ఎంచుకోవాలి, లేదా గుళిక చల్లారాక పైన పిచికారీ చేయాలి.

వేడికి లొంగనివీ ఉన్నాయి!

వేడి పెడితే అన్నీ పోతాయనుకుంటే పొరపాటు. ఫైటేట్ మామూలు వేడికి చెక్కుచెదరదు. అంతకంటే ప్రమాదకరమైంది అఫ్లాటాక్సిన్. వేరుశనగ చెక్క, మొక్కజొన్న తడిగా ఉంటే పట్టే బూజు విడుదలచేసే విషమిది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కే కారణమని ఆరాతీయగా తేలింది. ఈ విషం పేరు లోకానికి అప్పుడే తెలిసింది. గుళిక యంత్రం వేడికి బూజు చస్తుందిగానీ అది వదిలిన విషం పోదు. దొంగ చచ్చినా, కలిపిన మందు గిన్నెలోనే ఉంటుంది! తుఫాన్లూ ముసుర్లూ పలకరించే డెల్టాలో దీనికి మందు పొయ్యి కాదు, పొడి గిడ్డంగి. గింజ బాగా ఎండబెట్టి, బస్తాలు నేలకూ గోడకూ తగలకుండా చెక్కల మీద పేర్చుకోవడమే రక్ష.

ఇక జనాన్ని భయపెట్టే బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఆ వైరస్ బయటపడినప్పుడు గుడ్లూ చికెనూ కొనేవాళ్లు లేక ధరలు పడిపోయాయి. ఈ వైరస్ మాత్రం వేడికి సులువుగానే లొంగుతుంది. మాంసం, గుడ్డు లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికితే బతకదు. మన కూరలు ఉడికే తీరుకు ఆ వేడి లెక్కలోది కాదు. అయితే సగం ఉడికిన ఆమ్లెట్లు మాత్రం అలాంటి రోజుల్లో వద్దు.

పెరటి కోళ్లకైతే...

పెద్ద ఫారాలకు పోషకాహార నిపుణులు, ప్రయోగశాలలు ఉంటాయి. ఇబ్బందల్లా వందా రెండొందల కోళ్లతో ఇల్లు నడుపుకునే చిన్న రైతుకి, పది నాటుకోళ్లు పెంచుకునే ఇల్లాలికి. వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే.

సోయా గింజ దొరికితే పచ్చిగా ఆడించి కలపకూడదు. నానబెట్టి, నీళ్లలో మెత్తగా అరగంటకు తగ్గకుండా ఉడికించి, ఆరబెట్టి ఆడించాలి. ఎర్రగా మాడ్చకూడదు. తవుడు ఏ రోజుది ఆ రోజు తెచ్చుకోవాలి, చేదు వాసన వస్తే మేతలో వేయకూడదు. నూకలు, జొన్నలు, చోళ్లు పచ్చిగా వేసినా కోడి బాగానే అరిగించుకుంటుంది, వాటికోసం గ్యాసు తగలేయనక్కర్లేదు. బూజు పట్టిన గింజల్ని వేయించి పెడితే సరిపోతుందనుకోవద్దు, పారేయడమే మంచిది. గుడ్డు పెంకులు కాల్షియం కోసం వేయాలనుకుంటే వేడిచేసి, పొడిచేసి వేయాలి. ఇంట్లో మిగిలిన మాడుచెక్కలు కోడికి వేస్తే కడుపు నిండుతుందిగానీ కండ పెరగదు.

గుడ్డు ఇప్పుడు బరి పక్కన మురిపెంగా తినిపించే తిండి మాత్రమే కాదు. బడిపిల్లల మధ్యాహ్న భోజనం పళ్లెంలోనూ, అంగన్‌వాడీలో గర్భిణి చేతిలోనూ ఉన్నది అదే. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు. గోదావరి జిల్లాల గుడ్డు అస్సాం, బెంగాల్, ఒడిశా దాకా లారీల్లో వెళుతుంది. అది అందరికీ అందే ధరలో ఉండాలంటే కోడి తిన్న ప్రతి పిడికెడూ గుడ్డుగా మారాలి. ఆ మార్పుకు కీలకం మేత మిల్లులో ఆవిరి వాల్వు తిప్పే కార్మికుడి చేతిలో, బస్తా విప్పి వాసన చూసే రైతు ముక్కులో ఉంది. వంటింట్లో అమ్మకు తెలిసిన సంగతే అది. మంట తక్కువైతే పచ్చి, ఎక్కువైతే మాడు. సరిగ్గా ఉడికిందే ఒంటబడుతుంది.